గా దావత్‌ల పాడింది నేను

ఎవలన్న నన్ను ఉద్యమ గాయకుడని పిలిచినప్పుడల్లా నేను చేసిన ఒక తప్పు యాదికొస్తది. ఏండ్ల సంది మోస్తున్న. నీకు నేనెవలో ఎర్కలేదు, గందుకే నీకు చెప్తున్న. ఎర్కున్నోళ్లకు చెప్పే దమ్ము నాకు అప్పుడు లేకుండె, ఇప్పుడు గూడ లేదు.

తెలంగాణ కోసం కొట్లాడే దినాలల్ల మేమిద్దరం ఒక్క స్టేజీ మీద పాడేటోళ్లం. నేను, ఖలీల్ భాయ్. ఎవల పాట వాళ్లే కట్టుకునేటోళ్లం. పోస్టర్ల మీద ఇద్దరి పేర్లు పక్కపక్కనే ఉంటుండె. నాకు కాళ్లకు గజ్జెలు, భుజాన గొంగడి, చేతుల డప్పు. గొంతు చించుకొని ఎగిరితె మంది గూడ ఎగిరేటోళ్లు. ఖలీల్ భాయ్‌ది జగిత్యాల, పరుపులు కుట్టే దుకాణం. ఆయన హార్మోనియం ముంగట పెట్టుకొని కూసునేటోడు. దుబాయి నుంచి మొగని ఫోన్ ఎప్పుడొస్తదా అని చూసే ఆడామె మీద, ఆగిపోయిన మగ్గం మీద, పక్కింటోనితోని మాట్లాడినట్టు మెల్లగ పాడేటోడు. తెలుగుల మొదలువెట్టి, నడుమ ఉర్దూలకు పోయి, మల్ల తెలుగుకే వచ్చేటోడు.

ఒకసారి సిరిసిల్లల నా పాటకు మంది ఈలలేసిండ్రు. ఆయన పాటకు ఈల లేదు, చప్పట్లు లేవు. ముంగట కూసున్న ఆడోళ్లు కొంగు నోట్ల కుక్కుకొని ఏడుస్తున్నరు. నేను స్టేజీ ఎనుక నిలవడి "గిది పాటనా, సావు కాడి ఏడుపా?" అని నవ్విన. పక్కనున్నోళ్లు ఎవలు నవ్వలే. నా పాట మంది ఇంటికి చేరేలోపట్నే చెవులకెల్లి జారిపోతదని నాకు గా దినమే అర్థమైంది. అర్థమైనంక మనిషన్నోడు ఏం చెయ్యాలె? మంచిగ రాసుడు నేర్చుకోవాలె. నేనేం చేసిన? కుళ్లుకున్న.

జగిత్యాలల ఒక లీడర్ ఉండె. తెలంగాణ కోసం రాజీనామా చేస్తనని మైకుల చెప్పి, తెల్లారి మాట మార్చినోడు. మంది ఆయన మీద మండుతున్న దినాలవి. ఆయనింట్ల దావత్ ఉన్నది, వచ్చి పాడుమని నాకు కబురొచ్చింది. పోయిన. ఎందుకు పోయిన? పెద్ద సోఫాల కూసోవెట్టి "మా కళాకారుడు" అంటరని పోయిన. కొత్త పాట గూడ కట్టలే. నా ఉద్యమం పాటనే పాడిన, తెలంగాణ అని ఉన్న కాడల్లా ఆయన పేరు పెట్టి. రాగం ఏడ చెడలే. గంత సస్తా, చవక పాట అది. గంత సస్తా మనిషిని నేను.

గోడ బయటికెల్లి ఎవలో విన్నరు. ఉద్యమం పాట తీరని తెలిసింది గని, ఏ పాటనో, ఎవల గొంతో తేలలే. ఉద్యమంల పాడేటోడే ఒకడు లీడరింట్ల పాడిండని మాట లేచింది. కోరుట్లల సభ ఉన్న దినం పొద్దుగాల, సభలు పెట్టిచ్చే మల్లన్న నన్ను పక్కకు పిలిచిండు.

"మనోడే ఒకడు గా ఇంట్ల పాడిండట. ఎవడు? నీకేమన్న ఎర్కనా?"

"నాకేం ఎర్క అన్నా?" అన్న. గక్కడ ఆగితె అయిపోతుండె. ఆగలే. "ఖలీల్ భాయ్ అయితె గా దినం జగిత్యాలల్నే ఉండె."

"ఖలీలా?" అన్నడు మల్లన్న. నేను నేల దిక్కు చూసిన.

చూడు, నేను అబద్ధం ఆడలే. ఆయన ఇల్లు జగిత్యాల, దుకాణం జగిత్యాల, ఇంకేడుంటడు? గీ తెలివితోని నన్ను నేను ఎన్నేండ్లు సముదాయిచ్చుకున్ననో! వేరే ఎవల పేరన్న చెప్తే మల్లన్న ఇంకో నాలుగు మాటలు అడుగుతుండె కావొచ్చు. ఆయన పేరుకు ఏం అడుగలే. అడుగరని నాకు ముందే ఎర్క. భాయ్ అని భుజం మీద చెయ్యేసేటోళ్ల లోపట ఏమున్నదో ఎర్కుండే నేను ఆ పేరు తీసిన.

సాయంత్రం ఖలీల్ భాయ్ ఎప్పటి తీర్గనే వచ్చి హార్మోనియం ముంగట కూసున్నడు. "ద్రోహీ, దిగు!" అని మందిలకెల్లి ఒకడు ఒర్రిండు. ఎనుకనే ఇంకింతమంది. ఒక చెప్పు వచ్చి హార్మోనియం మీద పడ్డది. ఆయన ఇంకెవల్నో అంటున్నరనుకొని ఎనుకకు మర్రి చూసిండు. ఎనుక నేనున్న.

"తమ్మీ, ఏందిది? నువ్వన్న చెప్పు," అన్నడు.

నేను మైకు అందుకొని జై తెలంగాణ అని ఒర్రిన. డప్పు కొట్టుడు షురూ చేసిన. మంది ఎగిరిండ్రు. ఆయన ఏదో చెప్తనే ఉన్నడు, పెదవులు కదులుడు కనవడుతున్నది. నేను ఇంకా గట్టిగ కొట్టిన. ఆయన చెప్పును పక్కకు పెట్టి, హార్మోనియం మూసి, దిగి పోయిండు. మల్ల ఏ స్టేజీ ఎక్కలే.

రాష్ట్రం వచ్చింది. నాకు శాలువలు కప్పిండ్రు, సర్కారు కొలువిచ్చిండ్రు. గిప్పుడు పథకాల మీద పాటలు కడుత. సర్కారు మారితె పాటల పేర్లు మారుస్త. ఆ విద్య నాకు ముందుగాలనే వచ్చు గద.

మొన్న జగిత్యాలల సన్మానం అయినంక ఒక కాలేజీ పిల్ల నా దగ్గరికొచ్చింది. ఖలీల్ భాయ్ బిడ్డనట. "అంకుల్, మీరు మా అబ్బాతోని పాడిండ్రు గద. అబ్బా నిజంగనే గా లీడరింట్ల పాడిండా? బడిల ఉన్నప్పుడు గూడ నన్ను గట్లనే అన్నరు. అబ్బాను అడిగితె ఏం చెప్పడు."

ఎందుకు చెప్పడు? నేనే అని ఎర్కై ఊకున్నడా? ఎవలు నమ్ముతరని ఊకున్నడా? గది నేను ఎన్నడు అడుగలే.

"పాత ముచ్చట బిడ్డా, మనసుల పెట్టుకోకు," అన్న. పాడిండనే అర్థమైంది ఆమెకు. తలకాయ కిందికేసుకొని పోయింది. రెండోపారి గూడ నేను అబద్ధం ఆడలే, చూసినవా?

అందుకే గిది రాస్తున్న. లీడరింట్ల పాడింది నేను. ఖలీల్ భాయ్ గా దినం తన దుకాణంల పరుపు కుట్టుకుంట ఉండె. మాఫీ అడుగుతలేను, ఆ మొకం లేదు. నా పేరు రాయలే. ఖలీల్ అన్నది గూడ ఆయన అసలు పేరు కాదు, ఊర్లు, దుకాణం గూడ మార్చి రాసిన. అసలుయి రాస్తే ఆయన పక్కపొంటి పాడినోడు ఎవడో ఆ ఊరి చాయ్ హోటల్ల ఎవల్ని అడిగినా చెప్తరు. అంటె గీ రాతతోని ఆయన మీది మచ్చ పోదు, ఆ పిల్లకు జవాబు దొరకదు. తేలికైంది నా ఒక్కని ఛాతి. గది ఎర్కుండి గూడ, సిగ్గు లేకుంట, హాయిగ ఊపిరి తీసుకుంటున్న.