గోలు వెనక గ్వాల్దీను తిట్లు

గ్వాల్దీను ఊపిరి పీల్చకుండా కాసేపు ఉండగలడేమో గానీ, ఊరి జట్టు గోల్‌కీపర్‌ని తిట్టకుండా ఒక్క ఆదివారం కూడా ఉండలేడు. పద్దెనిమిదేళ్లు అదే గోలు కాచి రిటైరైన ఆ అరవయ్యెనిమిదేళ్ల మనిషి, మ్యాచ్ రోజున వల వెనకాల కంచె పట్టుకుని నిలబడేవాడు. విరామం తర్వాత కీపర్ అవతలి గోలుకు మారితే, ఈయనా మైదానం చుట్టి వచ్చి అక్కడికి చేరేవాడు. సగంలో ఆగిన తిట్టును నడుస్తూనే పూర్తిచేసేవాడు.

"నీ చేతులకంటే మా పిన్ని జల్లెడ నయం, అందులో రాళ్లైనా ఆగుతాయి" అనేవాడు. బంతి పట్టినా వదిలేవాడు కాదు. బంతికే జాలేసి ఒళ్లో కూర్చుందనేవాడు. జనం పొట్టలు పట్టుకునేవారు.

నతేర్సియా ఒక్కతే నవ్వేది కాదు. ఆ కీపర్ వాల్టెర్ ఆమె కొడుకు. అతనికి వారమంతా సార్డీన్ చేపల ఫ్యాక్టరీలో పని, ఆదివారం గోలు. ఆమెకు గ్వాల్దీను మీద ఎంత మంటంటే, బజారులో చేపలమ్మే తన దగ్గరికి ఆయన వస్తే కళ్లు లోపలికి పోయిన నిల్వ చేపలే ఏరి తూచేది. ఆయన వాటినీ తిడుతూ కొనుక్కుపోయేవాడు.

కీపర్ చేతకానితనంతో వదిలేసిన బంతిని ఆ ఊళ్లో 'కోడి' అంటారు. తన ఆఖరి మ్యాచ్‌లో గ్వాల్దీను కాళ్ల సందులోంచి అలాంటి కోడిని వదిలాడు. జట్టు కింది డివిజన్‌కు పడిపోయింది. పద్దెనిమిదేళ్లలో ఆయన ఆపిన బంతులన్నిటినీ ఊరు ఒక్క సాయంత్రంలో మరిచిపోయింది. ఆ ఒక్క బంతిని మాత్రం ముప్పయ్యేళ్లైనా మరవలేదు. ఇప్పటికీ ఆయన కాఫీ కొట్లో అడుగుపెడితే ఎవడో ఒకడు కొక్కొరొకో అంటాడు. ఆ కసినే తన కొడుకు మీద తీర్చుకుంటున్నాడని నతేర్సియా నమ్మకం.

మే నెలలో లీగ్ ఆఖరి మ్యాచ్ వచ్చింది. డ్రా అయినా జట్టు మళ్లీ కింది డివిజన్‌కు పడకుండా నిలుస్తుంది. స్కోరు సమంగా ఉండగా, ఎనభై ఎనిమిదో నిమిషంలో మెల్లగా దొర్లుతూ వచ్చిన బంతి వాల్టెర్ చేతుల్లోంచి జారి గీత దాటింది.

వెంటనే మైదానమంతా వెక్కిరింపు ఈలలు లేచాయి. నతేర్సియా వెనక వరసలో ఒకడు ఆమె కొడుకు పుట్టుక గురించి మొదలుపెట్టాడు. అంతలో గ్వాల్దీను గొంతు అందరినీ మింగేసింది.

"ఒరే వాల్టెరూ, పెద్దవాళ్లను అడక్కుండా కోడిని వదుల్తావా? ముప్పయ్యేళ్లుగా ఈ ఊరికి కోడిని నేనొక్కణ్ణే. నాది పుంజురా, నీది ఇంకా గుడ్డు" అంటూ కంచె ఎక్కి, చేతులు రెక్కల్లా ఆడించి కూత పెట్టాడు.

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. కూతలన్నీ ఆయనవైపు తిరిగాయి, రొట్టెముక్కలు ఆయన మీద పడ్డాయి. ఆ సందట్లోనే ఆట ముగిసింది, వాల్టెర్ తల వంచుకుని లోపలికి వెళ్లిపోతే ఎవరూ చూడలేదు.

జనం వెళ్లాక నతేర్సియా కంచె దగ్గరికి వచ్చింది. ఇన్నాళ్లూ తిట్టింది ఇందుకేనా అని అడిగింది.

ఆయన కాలరులోంచి రొట్టెముక్క తీసి పారేశాడు. "నా ఆఖరి మ్యాచ్‌కి మా అమ్మ వచ్చిందమ్మా. జనం నన్నన్న ప్రతి మాటా కూర్చుని విన్నది. వాళ్లకంటే గట్టిగా అరిచే వెధవ ఒక్కడుంటే బావుండుననిపించింది." కాలరు దులుపుకుని, "అయినా నీ కొడుక్కి బంతి పట్టడం రాదు, అదీ నిజమే" అన్నాడు.

"తల్లితో అనాల్సిన మాటేనా?"

"తల్లివనే మెల్లగా చెప్పాను."

ఆగస్టులో కింది డివిజన్ మ్యాచ్‌లు మొదలయ్యాయి. మొదటి ఆదివారమే గ్వాల్దీనుకు గొంతు పట్టేసింది. వాల్టెర్ ఒక బంతికి ఆలస్యంగా కదిలాడు. మూడు ఈలలు లేచాయి. గ్వాల్దీను నోరు తెరిచాడు గానీ గాలి తప్ప ఏమీ రాలేదు.

పక్కనుంచి చేపల బజారు గొంతు ఒకటి మోగింది.

"ఒరే వాల్టెరూ, నువ్వు నా కడుపులోంచి బయటికి రావడానికి పదహారు గంటలు పట్టింది. గోల్లోంచి బయటికి రావడానికీ అంతసేపేనట్రా?"

మైదానం ఘొల్లుమంది. వాల్టెర్ వెనక్కి తిరిగి, తల్లిని చూసి నోరు వెళ్లబెట్టాడు. గ్వాల్దీను పక్కకు జరిగి, కంచె దగ్గర ఆమెకు చోటిచ్చాడు.