కొబ్బరి నీళ్ళు తాగిన తుపాకి

ఆదోనిలో నాది తుపాకులు బాగుచేసే అంగడి. లైసెన్సున్న అంగడే. వచ్చేవాళ్ళలో సగం మంది తుపాకి నా చేతికిచ్చి, "తళతళ మెరుస్తాంది సూడన్నా, ఊరికే నూనె పెట్టిస్తే సాలు" అంటారు. ఆ మెరుపు మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పైన పటారం లోన లొటారం అన్న సామెత పాత తుపాకులను చూసే పుట్టి ఉండాలి.

మొన్న ఎండలు ముదరకముందు ఎమ్మిగనూరు వైపు పల్లె నుంచి ఒక రైతు రెండు గొట్టాల తుపాకి తెచ్చాడు. వెంట కళ్ళకు పొరలు కమ్మిన తల్లి. వాళ్ళ ఊరి దేవర, అదే అమ్మవారి జాతర, దగ్గరపడింది. అమ్మవారు గుడి దాటేటప్పుడు మొదటి తుపాకి దెబ్బ వాళ్ళ ఇంటిది. తాత కాల్చాడు, తండ్రి కాల్చాడు. తండ్రి పోయాక వస్తున్న మొదటి దేవర ఇదే. లైసెన్సు ఇప్పుడు కొడుకు పేరు మీద ఉంది.

లోపల తూటా లేదని చూసుకుని గొట్టాలను కర్ర పిడి నుంచి విడదీశాను. ఇనుప పట్టీలు మెలిపెట్టి అతికించి చేసిన పాతకాలపు గొట్టాలు. వాటిని కిటికీ వైపు ఎత్తి చూశాను. బాగున్న గొట్టంలో వెలుగు ఆ కొస నుంచి ఈ కొసకు నున్నగా జారుతుంది. ఇందులో మూతి దగ్గర పరవాలేదు. కిందికి వచ్చేకొద్దీ నల్లటి గుంటలు. తూటా కూర్చునే చోట, పేలుడు దెబ్బంతా పడే చోట, చెదలు తిన్నట్టుంది. పైన వేళ్ళతో తడిమితే ఎడమ గొట్టం కాస్త ఉబ్బి తగిలింది. మందం కూడా కొలిచి చూశాక ఇక అనుమానం లేదు.

"దీన్ని కాలిస్తే నీ ఎడమ చెయ్యి ఉండదు" అన్నాను.

"మా నాయన కాల్సినప్పుడు ఏమీ కాలేదు గదన్నా. మందు తక్కువుండే తూటా పెడితే?"

"అప్పుడు చెయ్యి తక్కువగా పోతుందా?"

"ఒక్క దెబ్బేనన్నా. కాల్సకపోతే ఊర్లో తలెత్తుకోలేం."

పైన ఇంత శుభ్రంగా ఉంచుకున్న తుపాకి లోపల ఎందుకిలా తుప్పు పట్టిందని అడిగాను. అతను గొప్పగానే చెప్పాడు. ఏటా ఆయుధ పూజకు పసుపు కుంకుమ పెట్టి, మూతిలోంచి కొబ్బరి నీళ్ళు పోసి అభిషేకం చేస్తారట. పైన తుడిచి, పట్టుగుడ్డ చుట్టి, మూతి పైకి పెట్టి దేవుని గూటి పక్కన నిలబెడతారట. ఆ నీళ్ళన్నీ అడుక్కి దిగి, అక్కడే కూర్చుని ఇనుమును తిన్నాయి.

"బుద్ధున్నోళ్ళు ఎవరైనా తుపాకికి నీళ్ళు తాగిస్తారా? ఎవరు చేసిన పని ఇది?" నా అరుపు వీధి చివరికి వినిపించి ఉంటుంది.

"నేనేప్పా" అంది తల్లి. "వీళ్ళ నాయన దాన్ని ఎత్తుకొని పోయినప్పుడల్లా సల్లగా తిరిగి రావాలని పోస్తాంటి."

ఆమె మీద అరిచినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

గుంటలు ఆమెకు కనిపించవు. అందుకని గొట్టాలను దారంతో కొక్కేనికి వేలాడదీసి, చిన్న కొయ్యసుత్తి ఆమె చేతిలో పెట్టాను. ముందు నా అంగట్లోని మంచి గొట్టాన్ని కొట్టమన్నాను. గంటలా మోగి, ఆ మోత చాలాసేపు సాగింది. తర్వాత ఆమెది కొట్టింది. టక్కుమని ఆగిపోయింది. సంతలో కుండలు వాయించి చూసి కొన్న చెయ్యి అది. నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

"పగిలిన కుండప్పా ఇది" అంటూ ఇంకోసారి మెల్లగా కొట్టుకుంది. "నా సేత్తో నేనే పగలగొట్టుకుంటి."

"దానికి వయసైపోయిందమ్మా, అంతే" అన్నాను. అబద్ధమే. చెప్పినందుకు నాకేం బాధ లేదు.

కొడుకు ఇంకా ఊరు, మర్యాద అని గొణుగుతున్నాడు. ఆమె అతని వైపు తిరిగింది. "బతికుంటే బలుసాకు తినొచ్చు. మొదటి దెబ్బ ఇంగో ఇంటోళ్ళు కాలుస్తార్లే. అమ్మవారేం అలగదు." తర్వాత నాతో అంది: "వీని సంగతి నాకు తెలుసప్పా. దేవర నాడు నలుగురు ఎగదోస్తే ఆగడు. ఇది ఇంగ పేలకుండా ఏమన్నా సెయ్యి."

తుపాకి అతనిది కాబట్టి అతని ముఖం చూశాను. చివరికి "తియ్యన్నా" అని తల తిప్పుకున్నాడు. తూటాను వెనక నుంచి కొట్టే పిన్నులు రెండూ ఊడదీసి ఆమెకిచ్చాను. కొంగున ముడేసుకుంది.

కొడుకు తుపాకిని గుడ్డలో చుట్టి ముందు దిగాడు. ఆమె మెట్టు మీద ఆగింది.

"అప్పా, ఈసారి ఆయుధ పూజకు కొబ్బరి నీళ్ళు పోయొచ్చా, పోయగూడదా? వీడు సల్లగా ఉండాల గదా."

ఇంతసేపూ ఆ నీళ్ళ మీదే అరిచినవాణ్ణి.

"పొయ్యమ్మా" అన్నాను. "మూతి నిండా పొయ్యి."