అమ్మ సాక్షి బోనెక్కిన రోజు

మొన్న ఉదయం మా ఇంట్లో వంట చేసే ఆవిడ వస్తూనే, సంచిలోంచి మడతలు పడిన కాగితం ఒకటి తీసి నా చేతిలో పెట్టి, ఇదేందో జర చదివి చెప్పమంది. ఆమె తమ్ముణ్ణి చందానగర్ దగ్గర ఎవరో కారుతో గుద్ది వెళ్లిపోతే పెట్టిన కేసు తాలూకు నోటీసు అది. ఆధారాలు చాలనందున కేసు మూసివేస్తున్నామనీ, అభ్యంతరం ఉంటే కోర్టులో చెప్పుకోవచ్చుననీ పోలీసులు శుభ్రమైన తెలుగులో రాసి పంపారు. ఎవరిని కలవాలో, ఏం చెప్పాలో ఆమెకు వివరించి పంపాను గానీ, ఆ చివరి వాక్యం మాత్రం రోజంతా నన్ను వదల్లేదు. నేను నల్లకోటు వేసుకున్న కొత్తలో, అంటే డెబ్భైలలో, అలాంటి మాట రాసి చేతికిచ్చేవాళ్లు ఎవరూ నాకు తెలియదు. కేసు పోయిందన్న సంగతి పోలీసు స్టేషను అరుగు మీద నోటిమాటగా తెలిసేది, అదీ పదిసార్లు తిరిగితే.

అప్పట్లో మేం బాలానగర్‌లో ఉండేవాళ్లం. నాన్న అక్కడి ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి పదేళ్లయినా అమ్మకి ఈ ఊరి నీళ్లూ నచ్చలేదు, కూరలూ నచ్చలేదు, అన్నిటికంటే ముఖ్యంగా పాలు నచ్చలేదు. మాకు పాలు పోసే అతను పడమటివైపు రాళ్లగుట్టల మధ్య ఉన్న పల్లె నుంచి సైకిలు మీద వచ్చేవాడు. ఇప్పుడు అద్దాల మేడలు నిలబడ్డ చోట అప్పుడన్నీ ఏనుగులు పడుకున్నట్టు నల్లటి బండలు, వాటి మధ్య జొన్న చేలు, సీతాఫలం పొదలు. అతను క్యాను దింపగానే అమ్మ బొటనవేలి గోటిమీద ఒక చుక్క వేసుకుని, అది జారే తీరు చూసి, ఇవాళ ఏ చెరువు ముంచి తెచ్చావు అబ్బాయ్ అనేది. అతను నవ్వి, "నీళ్లు కలిపితే నా బర్రెనే నన్ను తంతది అమ్మా," అనేవాడు. ఈ తగువు లేకుండా మా ఇంట్లో తెల్లవారిన రోజు నాకు గుర్తులేదు. తగువు అయ్యాక అమ్మే అతనికి కాఫీ ఇచ్చేది, అతను మెట్టు మీద కూర్చుని ఊదుకుంటూ తాగి, ఫ్యాక్టరీ సైరన్ కూయగానే ఇగ పోతనని లేచేవాడు.

ఒక వేసవిలో అతను రావడం ఆగిపోయింది. ఒకరోజు చూశాం, రెండు రోజులు చూశాం. బర్రె ఒట్టిపోయి ఉంటుందని అమ్మ వేరే పాలు పోయించుకుంది. తరవాత ఎప్పుడో ఒక మధ్యాహ్నం అతని భార్య వచ్చి మెట్టు మీద, సరిగ్గా అతను కూర్చునే చోటే కూర్చుంది. ఆమెను అంతకుముందు మేం చూసి ఎరగం. బొట్టు లేని నుదురు చూసి అమ్మకు అడగకుండానే అర్థమైంది.

వాళ్ల పల్లె దారి పక్కన క్వారీ ఒకటి ఉండేది. మందు పెట్టి బండలు పేల్చే ముందు ఎర్రజెండా పాతి, ఈల ఊది, దారికి అటూ ఇటూ మనిషిని నిలబెట్టాలి. ఆరోజు ఇవేవీ చెయ్యలేదు. పాలు పోసి ఖాళీ క్యాన్లతో ఇంటికి పోతున్న మనిషి మీద రాయి వచ్చి పడింది. దవాఖానకు తీసుకెళ్లే లోపలే ప్రాణం పోయింది. భార్య కేసు పెట్టింది. పోలీసులు వచ్చారు, చూశారు, వెళ్లారు. ఆ తరవాత ఆమె స్టేషను చుట్టూ తిరగ్గా తిరగ్గా ఒక పోలీసు జవాను విసుక్కుని చెప్పాడట, కేసు ఖతమైంది, నీ మొగుడు పొద్దుగాల్నే కల్లు తాగి, జెండా ఉన్నా చూడకుండా లోపలికి పోయాడు, తప్పు అతనిదే అని రాసేశాం, ఇంటికి పొమ్మని.

"సచ్చిపోయిండు, నా రాత అనుకున్న అమ్మా. గని తాగుబోతని రాస్తరా? పెండ్లయినకాడికెళ్లి ఒక్క సుక్క ముట్టలె. రేపు నా పిల్లలకు ఏం జెప్పాలె, మీ నాయిన తాగి సచ్చిండని జెప్పాల్నా?"

ఏడుపు లేకుండా అడిగింది ఆమాట. అమ్మ లోపలికి వెళ్లి కాఫీ కలిపి తెచ్చి, గ్లాసు ఆమెకిచ్చి, నా వైపు తిరిగి, నువ్వు చదివిన లా ఇందుకు పనికొస్తుందా రాదా అని అడిగింది. నేను అప్పుడే మా మేనమామ దగ్గర జూనియరుగా చేరాను. ఫైళ్లు మోయడం, వాయిదాలు రాసుకోవడం తప్ప ఏమీ తెలియదు. పనికొస్తుందో రాదో నిజంగా నాకు తెలియక, మామయ్యను అడుగుతానన్నాను.

మామయ్య అమ్మకు తమ్ముడు, నగరంలో ఒక మాదిరి ప్లీడరు. అతను విని, కోర్టులో వాకబు చేసి చెప్పిన సంగతి నేను పుస్తకాలలో చదివి కూడా అప్పటిదాకా మనసుకు పట్టించుకోనిది. పోలీసులు కేసు మూసేశామన్నంత మాత్రాన అది మూతపడదు. వాళ్లు తమ నివేదికను మేజిస్ట్రేటుకు పంపాలి, దాన్ని ఒప్పుకోవాలో వద్దో నిర్ణయించేది మేజిస్ట్రేటు. ఆయన ఇంకా ఒప్పుకోలేదు. ఈలోగా ఫిర్యాదు చేసిన మనిషి వెళ్లి, అయ్యా, ఈ నివేదిక అబద్ధం, నా సాక్షులు వేరే ఉన్నారు వినండి అని పిటిషను పెట్టుకోవచ్చు. ఆ వెసులుబాటు ఉన్నదని ఆమెకు చెప్పవలసిన పని ఎవరికీ లేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు, అంతే.

అయితే సాక్షులేరి? క్వారీలో రాళ్లు కొట్టే కూలీలందరికీ జెండా లేదని తెలుసు, ఇంటికొచ్చి చెప్పారు కూడా, కానీ కోర్టుకొస్తే మర్నాటి నుంచి పని ఉండదు. చివరికి జెండా లేదని చెప్పడానికి మిగిలింది అతని తండ్రి ఒక్కడే. పక్క గుట్ట మీద బర్రెలను మేపుతూ కొడుకు పడిపోవడం కళ్లారా చూసిన ముసలాయన. పోలీసులు ఆయన మాట రాసుకోనేలేదు. మరి తాగలేదని చెప్పడానికి ఎవరు? మామయ్య ఆ ప్రశ్న వేసి కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. అప్పుడు అమ్మ, ఆఖరిసారి అతను పాలు పోసింది మన ఇంట్లోనే, తన కూతురికి జ్వరమంటే ఇంట్లో ఉన్న మాత్రలు పొట్లం కట్టి ఇచ్చాను, సైరన్ కూశాకే లేచి వెళ్లాడు, నేను చెప్తాను అంది.

ఇంట్లో పెద్ద గొడవే అయింది. నాన్న చెడ్డవాడు కాడు, భయస్థుడు. సంసారపక్షపు ఆడది బోనెక్కడం మన ఇంటా వంటా లేదన్నాడు. పాలవాడి కోసం పోలీసులతో వైరమేమిటన్నాడు. రెండు రోజుల తరవాత ఫ్యాక్టరీకి క్వారీ కాంట్రాక్టరు తరఫున ఒక పెద్దమనిషి వచ్చి నాన్న క్షేమసమాచారాలు అడిగి, ఎదిగిన ఆడపిల్ల తండ్రివి అని నా సంగతి గుర్తుచేసి వెళ్లాడు. ఆరోజు నాన్న అన్నం తినలేదు. అదే పెద్దమనిషి ఆ పల్లెకూ వెళ్లి రాజీ మాట కదిపితే, పాలతని భార్య తలుపు దగ్గరే నిలబడి, "పైసలు దీసుకుంటె ఆయన తాగిండని నేనే ఒప్పుకున్నట్టు గాదా," అని పంపించేసిందట. ఈ సంగతి నాన్నకు అమ్మే చెప్పింది. చెప్పి, ఆమెకి లేని భయం మనకెందుకండీ అంది. చివరికి నాన్న, ఆటోను నేనే మాట్లాడతాను, బస్సులో వద్దు అన్నాడు. అదే ఆయన ఒప్పుకోలు.

ఆ కోర్టు పెంకుటింట్లో ఉండేది. అమ్మ పెళ్లిళ్లకు కట్టుకునే చీర కట్టుకుని, చెంగు భుజం చుట్టూ తిప్పుకుని, కోర్టు వరండాలో ముసలాయన పక్కన బల్ల మీద కూర్చుంది. ముందు భార్య, తరవాత ముసలాయన చెప్పారు. ఆయనకి కొడుకు పేరు పలకడమే కష్టమైంది, కానీ జెండా సంగతి అడిగేసరికి నిటారుగా నిలబడి, "లేదు దొరా, జెండ లేదు, సీటీ ఊదుడు లేదు, ఉంటె నేను కేకేసి నా కొడుకును ఆపకపోతునా," అన్నాడు.

అమ్మ బోనెక్కి కమ్మీని రెండు చేతులతో పట్టుకుంది. మేజిస్ట్రేటు కఠినమైన మనిషి అని పేరు. పోలీసు నివేదిక ముందు పెట్టుకుని, అతను తాగలేదని మీరెలా చెప్పగలరు అని అడిగాడు.

"రోజూ అతనితో తగువు పెట్టుకునేదాన్నండి, ఆవేళ కూడా పెట్టుకున్నాను. మాటకి మాట చక్కగా చెప్పాడు. ఎదురుగా నిలబడితే వాసన తెలియదా అండి?"

తగువు దేనికని ఆయన అడిగితే, పాలలో నీళ్లు కలుపుతాడని అంది అమ్మ. ఆయన కలం కింద పెట్టి, మిమ్మల్ని మోసం చేస్తాడని మీరే అంటున్నారు, మరి అతని తరఫున చెప్పడానికి ఇంత దూరం ఎందుకొచ్చారు అన్నాడు. మామయ్య లేవబోయి ఆగాడు. అమ్మ కమ్మీ వదిలేసి ఆయనకేసి సూటిగా చూసింది.

"నీళ్లు కలిపాడా అంటే కలిపాడనే చెప్తానండి, ఎవరడిగినా చెప్తాను. తాగాడా అంటే తాగలేదు. ఆ రెండూ వేరు కదండీ. చేసిందాన్ని అనొచ్చు గానీ, నోరులేకుండా పోయిన మనిషి మీద చెయ్యనిది ఎలా రాస్తారండి?"

మేజిస్ట్రేటు ఆ మాటలు ఉన్నదున్నట్టు తెలుగులో ఒకసారి పైకి అని, ఇంగ్లీషులో రాసుకున్నాడు. వెనక వరసలో పాలతని భార్య మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె ఏడవగా నేను చూసింది అదే మొదటిసారి.

పోలీసు నివేదికను ఆయన ఒప్పుకోలేదు. కాంట్రాక్టరుకూ, పేలుళ్లు చూసే మేస్త్రీకీ సమన్లు వెళ్లాయి. విచారణ ఏళ్ల తరబడి సాగింది, అమ్మ మళ్లీ బోనెక్కి అవతలి ప్లీడరుకు కూడా ఇవే జవాబులు చెప్పింది, ఈసారి మామూలు చీరతో. చివరికి మేస్త్రీకి శిక్ష పడింది. కాంట్రాక్టరు ఆరోజు అక్కడ లేడని వదిలేశారు. అది నాకప్పుడు మింగుడుపడలేదు, ఇప్పటికీ పడదు. అయితే తీర్పులో, మృతుడు మద్యం సేవించినట్లు ఎటువంటి ఆధారమూ లేదు, అతను తన దారిన తాను పోతున్నాడు అని ఉంది. కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద ఆ వాక్యం ఆమెకు తెలుగులో చెప్పాను. "ఇంకోపారి చెప్పు వకీలమ్మా," అంది. చెప్పాను. మామగారిని పిలిచి ఆయనకు కూడా చెప్పమంది. "క్వారీ దొర బయటనే ఉన్నడు," అని నెమ్మదిగా అని, మళ్లీ ఆమే, "ఈ మాట మాత్రం నా పిల్లలకు ఉంటది," అంది.

ఆ తరవాత చాలా ఏళ్లు ఆమే మాకు పాలు పోసింది. ఇంత జరిగాక అమ్మ ఊరుకుంటుందనుకున్నాను గానీ, మొదటి రోజే గోటిమీద చుక్క వేసి చూసి, అతనికంటే నువ్వే నయం, కాస్త తక్కువ కలిపావు అంది. ఆమె విరగబడి నవ్వింది.

ఇప్పుడు నేనుంటున్న అపార్ట్‌మెంటుకు ఆ పల్లె ఎంతో దూరం లేదు. ఆ గుట్టలన్నీ పగిలి పునాదుల్లోకి వెళ్లాయి. క్వారీ ఎక్కడుండేదో చూపించమంటే నేను చూపించలేను. చట్టం మాత్రం అప్పటికంటే దయగలదైంది, కాదనను. బాధితులకు నోటీసు ఇవ్వాలంటున్నారు, వాళ్ల మాట వినాలంటున్నారు, మా రోజుల్లో అదృష్టం కొద్దీ దొరికిన దారిని ఇప్పుడు హక్కు అంటున్నారు. దానికోసం కోర్టుల్లో వాదించిన వాళ్లలో నేనూ ఒకతెనని కొంచెం తృప్తి కూడా ఉంది. కానీ మా గుమ్మానికి తగిలించిన సంచిలో తెల్లవారకముందే ఎవరో పాల ప్యాకెట్లు వేసి వెళతారు. చాలా ఏళ్లుగా వేస్తున్నారు, ఒక్కరేనో, మారుతుంటారో కూడా తెలియదు. రేపు ఆ మనిషికి ఏదైనా జరిగి, తాగి ఉన్నాడని ఎవరైనా రాస్తే, కాదండీ, నాకు తెలుసు అనడానికి నేను అతని మొహమైనా చూసి ఉండలేదు.