పెద్దమ్మ పెట్టనియ్యని మీటరు

మా పెద్దమ్మ పోయిందని మొన్న మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. రాయదుర్గంలో జీన్స్ కుట్టే షెడ్డులో మిషను ఆపి, ఒంటి మీది బట్టలతోనే కంబదూరు వైపు బస్సెక్కాను. దారి పొడుగునా ఒకటే గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట ఊరందరి ముందూ నేను ఆమె మీద అరిచాను. సిగ్గుమాలిన పని. దాచకుండా చెప్తాను.

మాది పొత్తు బోరు. మా నాయన, పెద్దనాయన, చిన్నాయన కలిసి వేయించారు. కరెంటు సర్వీసు మాత్రం పెద్దనాయన పేరు మీద ఉంది. ఆయన పోయాక కూడా మూడు ఇళ్లూ వంతులవారీగా నీళ్లు పారించుకుంటున్నాయి. ఆ వంతులు ఏ కాగితం మీదా లేవు, అంతా పెద్దమ్మ నోట్లోనే. పొద్దున్నే వాకిలి చిమ్ముతూ, ఈ రోజు మీదే అని కేకేసేది.

బోరు మోటార్లకు స్మార్టు మీటర్లు బిగిస్తామని మనుషులు వచ్చారు. నాలుగు అక్షరాలు వచ్చినవాణ్ణి కదా, కరెంటు ఉచితమే, మీటరు ఉత్త లెక్క కోసమేనని వాళ్లు చెప్పింది నేను ఊరికి అప్పజెప్పాను. చాలామంది సంతకాలు పెట్టేశారు. పెద్దమ్మ మాత్రం వచ్చినవాళ్లకు మజ్జిగ ఇచ్చి, మా స్టార్టరు పెట్టె ముందు చాప పరుచుకుని కూర్చుంది. మీటరు ఎవరి పేరు మీద పెడతారని అడిగింది. సర్వీసు ఎవరిదైతే వాళ్లదే అన్నాడు వచ్చినతను.

"నీళ్లు పారిచ్చుకునేది మూడిండ్లప్పా. రేపు బిల్లంటూ వస్తే నా ఇంటికే వస్తాది. నేను వీళ్లనడగల్ల, వీళ్లు నువ్వే ఎక్కువ పారిచ్చుకున్నావనల్ల. ఇన్నేండ్లు లేని కొట్లాట మాకెందుకు?"

రీడింగు సిగ్నల్ మీద దానంతటదే పోతుందని అతను నచ్చజెప్పబోయాడు. కూతురితో ఫోన్ మాట్లాడాలంటే తాను గుట్టెక్కుతానని, మీటరు ఏ గుట్టెక్కుతుందో చూపమని పెద్దమ్మ అడిగింది. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. చదువు లేనిదానివి, ఊరిది ఒక దారైతే నీదొక దారా అని అరిచాను. ఆమె నాకూ ఒక గ్లాసు మజ్జిగ చేతికిచ్చింది.

మరుసటి రోజుకు ఆ చాప చాలలేదు. పొత్తు బోర్లున్న ఇళ్లవాళ్లంతా వచ్చి కూర్చుని, సంతకాలు వెనక్కి ఇమ్మన్నారు. మీటర్లు వచ్చిన ఆటోలోనే తిరిగిపోయాయి. ఇప్పటికైతే మళ్లీ రాలేదు.

తలవంచుకుని పోయిన నాతో ఆ సాయంత్రం ఆమె అన్న మాట: "నువ్వు చెడ్డకు చెప్పలేదులే నాయనా. బోరు ఎట్లేసినామో నీకు తెలీదు, అంతే."

ఆమెతోనే ఆ పొత్తు కూడా పోతుందని బస్సులో గుబులు పడ్డాను. దిగి చేను దారిన వస్తుంటే మోటారు చప్పుడు. ఇంట్లో చావు పెట్టుకుని నీళ్లకు ఆశపడిందెవరని కోపంగా పోయాను.

చిన్నాయన పార పట్టుకుని పెద్దమ్మ వేరుశనగ మడికి నీళ్లు మళ్లిస్తున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఈ పొద్దు వదిన వంతు," అన్నాడు.

నేనూ ప్యాంటు మడిచి దిగి, పక్క మడి గట్టు తెంపాను. వాడిన ఆకుల మధ్యగా నీళ్లు మెల్లగా చివరి సాలు దాకా పోయాయి.