అర శృతి ఎక్కువైన వేణువు

మదీనాగూడలో హైవే పక్కన, టైర్ల దుకాణం మీద రేకుల గదిలో ఒకాయన వేణువులు చేస్తాడు. ఆ గదికి మెట్లు ఎంత ఇరుకంటే, ముందు నా పొట్ట పైకి చేరింది, కాసేపటికి నేను చేరాను. నా వెనక నా మిత్రుడు. ఆఫీసులో పన్నెండేళ్లుగా పక్క కుర్చీ. కోనసీమ మనిషి. టీకి లేచినా రాగం తీస్తూ లేచే రకం. వాడు మూడో అంతస్తులో ఆలాపన అందుకుంటే కింద పార్కింగులో కార్ల అలారాలు మోగేవని నేను ప్రచారం చేస్తూ ఉండేవాణ్ణి.

ఆ గొంతు తీసేస్తారట. స్వరపేటికలో కాన్సర్. రెండు వారాల్లో ఆపరేషన్, ఆ తర్వాత మాటే ఉండదు, ఇక పాటెక్కడిది?

"ఆపరేషన్ ముందు రోజు మన ఆఫీసు ఆడిటోరియంలో ఒక్క కీర్తన పాడేస్తాను గురూ. వేణువు నువ్వే," అన్నాడు.

నా దగ్గరున్న వేణువు చిన్నది. నిజం చెప్పాలంటే దోమకు కాస్త సంగీతం నేర్పినట్టుంటుంది. దిగిపోతున్న వాడి గొంతు పక్కన నిలబడాలంటే కింది స్వరాలు పలికే పొడుగాటి బేస్ వేణువు కావాలి, అదీ సభలో పలికేంత మంచిది. అందుకే ఈ మెట్లు.

"ఎవరి గొంతుకు సార్?" అన్నాడు వేణువులాయన. మిత్రుణ్ణి చూపించాను. "జర పాడుండ్రి సార్."

వాడు రెండు ముక్కలు పాడాడు. ఆయన కళ్లు మూసుకుని, "ఒకటిన్నర శృతి," అన్నాడు.

"నిరుడు రెండు శృతికి పాడేవాణ్ణండి. ఇప్పుడు డిస్కౌంటు నడుస్తోంది," అన్నాడు మావాడు.

ఆయన నవ్వలేదు. చాపమీద వరసగా బేస్ వేణువులు పరిచాడు. ఒక్కటీ మా అపార్ట్‌మెంటు లిఫ్టులో నిలువుగా పట్టదు. మొదటిదాని ఉంగరపు వేలి రంధ్రం దగ్గరికి వెళ్లాలంటే క్యాబ్ బుక్ చేసుకోవాలి. రెండోదానికి వెంట్రుకంత పగులు. మూడోది పైస్వరాలు తేనెలా పలికింది, నేను పొంగిపోయాను.

"పైన అన్నీ పలుకుతయి సార్. కింది స్వరం ఊదుండ్రి. బేస్ సంగతి ఆడనే తెలుస్తది."

కింద ఊదితే గాలి తప్ప ఏమీ రాలేదు. నాలుగోది కుదిరింది. ఒకటిన్నర శృతి. గోడ మందం సమంగా ఉంది, మధ్యలో కణుపు లేదు, నా వేళ్లకు అందింది. మావాడు దాంతో కలిపి గొంతు విప్పాడు. కలిసింది. అంతలో దగ్గు తెర వచ్చి మెట్ల మీదికి వెళ్లిపోయాడు.

ఆయన నా దగ్గరికి జరిగాడు. "సార్, ఒక మాట. ఇది కాదు, ఒకటి శృతిది తీస్కపోండ్రి."

"వాడు పాడేది ఒకటిన్నర కదన్నా?"

"ఇయ్యాల్ల. మీరు రెండు వారాలంటున్నరు. మా నాయినకు గిట్లనే అయింది సార్. గొంతు దినాం దిగుతది."

మూల నుంచి ఒకటి శృతి వేణువు తీసి చేతిలో పెట్టాడు. కింది స్వరం ఊదాను. నేనేదైనా పదింతలు చేసి చెబుతానని లోకానికి తెలుసు. దీన్ని మాత్రం ఉన్నంత కూడా చెప్పలేను. చాప కింద నేల సన్నగా వణికింది. నా జీవితంలో పట్టుకున్న వేణువుల్లో అంతకన్నా మంచిది లేదు.

తిరిగిచ్చేశాను. అది కొంటే, వాడి గొంతు ఇంకా దిగుతుందని నేను సంతకం పెట్టినట్టే అనిపించింది. ఒకటిన్నరే ప్యాక్ చేయమన్నాను.

"మీ ఇష్టం. ఫికర్ లేదు, పక్కకు పెడ్త," అని ఒకటి శృతిదాని మీద పెన్సిల్‌తో ఆ రోజు తారీఖు వేశాడు. పక్కన పెట్టిన ప్రతి వెదురు మీదా అలా రాయడం ఆయనకు అలవాటట.

డాక్టరు గొంతుకు విశ్రాంతి ఇవ్వమన్నాడు కాబట్టి రెండు వారాలూ కలిసి పాడలేదు. ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం, కార్యక్రమానికి అరగంట ముందు, వెనక గదిలో వాడు శృతి అందుకున్నాడు. ఒకటికి దిగిపోయాడు. నా వేణువు అర శృతి పైన నిలబడి ఉంది, తాళం వేసిన గుమ్మంలా. మా ఆఫీసున్న రాయదుర్గం నుంచి ఆ వేళ మదీనాగూడ వెళ్లి రావాలంటే తెల్లారుతుంది.

అప్పుడు నా బుర్రకు మహత్తరమైన ఆలోచన తట్టింది. చల్లటి గాలికి వేణువు శృతి దిగుతుంది కదా! పరుగున వెళ్లి ఏసీలు చూసే ఆయన్ని పట్టుకున్నాను.

"పదహారుకు పెట్టన్నా."

"ఏంది సార్, మేడమ్‌లందరు మొత్తుకుంటరు!"

"మొత్తుకోనీ. పెట్టు."

పెట్టాడు. మూడు వందల మంది హుడీల టోపీలు లాక్కుని, అంటార్కిటికాలో సంతాప సభకు వచ్చినట్టు కూర్చున్నారు. వేణువు దిగింది, పావు వంతో అంతకన్నా తక్కువో. మిగిలింది మావాడి మీద పడింది. నా చేతిలో వేణువు చూశాడు. నా శృతికి ఎక్కడానికే నిశ్చయించుకున్నాడు. పల్లవి ఎక్కాడు. అనుపల్లవిలో, ఆ చలిగాలి లోపలికి పీల్చిన చోట, గొంతు తెగింది. మళ్లీ అందుకోబోయాడు. దగ్గు. చేతులు జోడించి వేదిక దిగాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వాళ్లు ఆపాక కూడా ఏసీల హోరు వినిపిస్తూనే ఉంది.

నెల తర్వాత మదీనాగూడ వెళ్లాను. ఆయన లేచి మూలకు వెళ్లాడు. ఒకటి శృతిది గుడ్డలో చుట్టి ఇచ్చాడు. అట్నుంచి అటే పుప్పాలగూడలో మావాడి ఫ్లాటుకు వెళ్లాను. మెడకు చిన్న రంధ్రం, దాని మీద పల్చని గుడ్డ, ఒళ్లో పలక. నన్ను చూడగానే రాశాడు: "ఏసీ నీ పనేగా?"

"నాదే."

"చలికి చచ్చాను వెధవా."

నవ్వాడు, చప్పుడు లేకుండా. నా చేతిలో వేణువు తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. పెన్సిల్ గీత దగ్గర వేలు ఆగింది. మేం కలిసి మెట్లెక్కిన రోజు తారీఖు అది. గుడ్డతో తుడిచి తేవచ్చు కదా అని మీరనవచ్చు. నాకు తట్టలేదు.

"అప్పుడే ఉందా ఇది?" అని రాశాడు.

తలూపాను. వాడు పలక తుడిచి పక్కన పెట్టాడు. బయట ఏదో కొత్త టవరుకు పిల్లర్లు దింపుతున్నారు, కిటికీ అద్దం అదురుతోంది. వేణువు నా ఒళ్లో పెట్టి, తన మోకాలి మీద తాళం మొదలుపెట్టాడు. అదే కీర్తన. పల్లవి వాయించాను. ఆ వెదురు ఎంత బాగా పలికిందో! అనుపల్లవిలో నాకు ఊపిరి చాలక ఆగిపోయాను. వాడి చెయ్యి ఆగలేదు. పాట మొత్తం అయ్యేదాకా, వరస తప్పకుండా, మోకాలి మీద పడుతూనే ఉంది.