అవ్వ సీరియస్ అయిందన్నారు

ఇవాళ ఆఫీసులో ఎవరో "సీరియస్‌గా?" అని నవ్వితే నాకు గుండె దడ మొదలైంది. ఎస్టీడీ బూత్‌కు వచ్చే కబుర్లు గుర్తున్నాయా మీకు?

వనపర్తిలో నేను రెండో తరగతి చదివేటప్పుడు బూత్ నడిపే ఆయన పరుగున వచ్చి అమ్మతో, "అక్కా, గద్వాల దవాఖానల మీ అమ్మ సీరియస్ ఉన్నదంట, జల్ది పో" అన్నాడు. బళ్లో సార్ సీరియస్ అయితే బెత్తం తీసేవాడు. నాకు తెలిసిన అర్థం అదొక్కటే. బస్సులో అమ్మ "ఇంకెంత దూరం?" అని కండక్టరును మాటిమాటికీ అడుగుతుంటే, అవ్వకు మా మీద ఎందుకంత కోపమోనని నేను కుమిలిపోయాను.

దవాఖానలో అవ్వ చెయ్యి పట్టుకుని, "సీరియస్ గాకు అవ్వా, సెలవులల్ల నీ తాన్నే ఉంట" అన్నాను.

అవ్వ మెల్లగా కళ్లు తెరిచి, "నీ మీద నాకు కోపమేంది బిడ్డా?" అంది.

గండం గడిచిందని డాక్టరు చెప్పాక, దారంతా ఏడవని అమ్మ అప్పుడు ఏడ్చింది.