శ్రీ తీసేసిన జాబితా

సంతోషిని మా ఆఫీసులో అందరూ మెతక పిల్ల అనేవారు. నేనూ అదే అనుకున్నాను. పొద్దున ఎనిమిదిన్నరకు వచ్చి, టిఫిన్ డబ్బా సొరుగులో పెట్టి, సాయంత్రం దాకా తల ఎత్తకుండా పని చేసుకుపోయే మనిషి లోపల ఏం దాచుకుందో ఎవరు చూస్తారు? ఆమె కథ చెప్పేముందు ఒక మాట ఒప్పుకోవాలి. ఇందులో దెబ్బతిన్నవాళ్లలో మా పెదనాన్న ఐలయ్య ఒకడు. కాబట్టి నేను రెండు వైపులా న్యాయంగా చెబుతానని ఎవరూ ఆశపడొద్దు.

శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన ఏడాది, 2008లో, ఎయిర్‌పోర్టు రోడ్డు పక్కన ఒక కంపెనీ పెద్ద గోదాములు కట్టింది. ఏడు ఊళ్ల చెల్కలు, అంటే మెట్ట పొలాలు, అందులో కలిసిపోయాయి. భూమి ఇచ్చిన ఇంటికి ఒక ఉద్యోగం అన్నారు. సంతోషి వాళ్ల ఊళ్లో సంతకాల రోజున బడి ముందు బల్ల వేసి కాగితాలు పరిస్తే గంటసేపు ఒక్కడూ లేవలేదట. చివరికి ఆమె తండ్రి చెన్నయ్య లేచాడు. మాట ఇచ్చారు కదా, నమ్మకపోతే ఎట్లా అన్నాడు. ఆయన వెనక కుర్మయ్య, కుర్మయ్య వెనక మిగతావాళ్లు లేచారు. ఊరి జాబితాలో యాభై ఎనిమిది పేర్లు పడ్డాయి. మొదటి పేరు చెన్నయ్యది.

మా దిక్కు జాబితా రాసే పద్ధతి ఒకటుంది. కాగితం పైన నడిమధ్యలో శ్రీ అని రాస్తాం. దాని కింద నేరుగా పేర్లు మొదలుపెడతాం. ఇది పేరు, ఇది తండ్రి పేరు, ఇది సర్వే నంబరు అని గడులకు తలలు రాసే అలవాటు మాకు లేదు. చూస్తే తెలిసేదాన్ని మళ్లీ రాయడమెందుకు?

ఆ కాగితాలను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని సిస్టమ్స్ మేనేజర్ రాజశేఖర్‌ది. చొక్కా నలగకుండా రోజంతా కూర్చోగల మనిషి. అండీ లేకుండా మాట్లాడడు, ఆ అండీతోనే గొంతు కోస్తాడు. ఆయన దగ్గరి టైపిస్టులు ఒక్కో ఊరి పేర్లను నోట్‌ప్యాడ్‌లో, నడుమ కామాలు పెడుతూ కొట్టారు. కాగితంలో ఉన్నట్టే పైన శ్రీ కూడా కొట్టారు. రాజశేఖర్ చూసి నవ్వాడట. కంప్యూటర్‌కు పూజలు అక్కర్లేదు, ఆ శ్రీ తీసేయండి అన్నాడట. ఆరు ఊళ్ల ఫైళ్లలో తీసేశారు. ఏడో ఊరి ఫైలు కొట్టిన అనుపమ ఆ రోజు సెలవులో ఉంది. ఆమె ఫైలులో శ్రీ అట్లాగే ఉండిపోయింది.

మరుసటి ఏడాది ఉద్యోగాలకు పిలుపులు వచ్చాయి. కుర్మయ్యకు గేటు దగ్గర సెక్యూరిటీ పని దొరికింది. చెన్నయ్యకు పిలుపు రాలేదు. ఫిర్యాదులు వింటామని గేటు ముందు షామియానా వేసిన రోజు చెన్నయ్య కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లాడు. సంతోషి అప్పుడు ఇంటర్ చదువుతోంది. సగం ఊరు అక్కడే ఉంది. రాజశేఖర్ ల్యాప్‌టాప్‌లో వెతికి, మీ పేరు లేదండి అన్నాడు.

"నాదే మొదటి పేరు సారూ. జర పైకి పోయి చూడుండ్రి," అన్నాడు చెన్నయ్య.

రాజశేఖర్ పైకి వెళ్లి చూశాడు. "మొదటి పేరు కుర్మయ్య అని ఉందండి. అబద్ధం చెప్పడానికి కంప్యూటర్‌కు మీ మీద పగేమీ లేదు కదా."

జనం నవ్వారు. కుర్మయ్య కూడా నవ్వాడు, అది ఆయనే నాతో చెప్పాడు. ఆ రోజు నుంచి ఊళ్లో చెన్నయ్యకు 'మొదటి పేరు' అని పేరు పడింది. పెళ్లికి పిలిచినా, కల్లు దుకాణం దగ్గర కనబడినా, మొదటి పేరొచ్చిండు, మొదటి పీట వెయ్యుండ్రి అనేవారు. అంతటితో ఆగారా? నువ్వు లేచినవనే మేం లేచినం అని భూమి పోయిన బాధ కూడా ఆయన నెత్తినే రుద్దారు. ఆయన పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాడు. గోదాముల గేటుకు ఎదురుగా, రోడ్డు అవతల, ఎయిర్‌పోర్టు క్యాబులు వరసకు ఆగే చోట బకెట్టు, గుడ్డ పట్టుకుని కార్లు కడగడం మొదలుపెట్టాడు. ఆ నేలలో పడమటి దిక్కున కొంత ముక్క ఒకప్పుడు ఆయనదే.

సంతోషి తండ్రికి ధైర్యం చెప్పలేదు, ఏడవనూ లేదు. శంషాబాద్‌లో మందుల దుకాణం మీది గదిలో కంప్యూటర్ కోర్సు నేర్చుకుంది. 2011లో కాంట్రాక్టరు ద్వారా మా ఆఫీసులోనే, రాజశేఖర్ కిందనే ఆపరేటర్‌గా చేరింది. దరఖాస్తులో తండ్రి పేరు చెన్నయ్య అని, ఊరి పేరుతో సహా రాసింది. రాజశేఖర్ అది చదివి సంతకం పెట్టాడు. ఆ పేరు ఆయనకు గుర్తే లేదు. తనకు అన్నిటికంటే ఎక్కువ మండింది అప్పుడేనని ఆమె తర్వాత నాతో చెప్పింది.

ఫైలులో కొట్టిన పేర్లను డేటాబేస్ పట్టికలోకి ఎక్కించడం ఆమెకు నేర్పింది రాజశేఖరే. ఎక్కించేటప్పుడు కంప్యూటర్ ఒక ప్రశ్న అడుగుతుంది, మొదటి వరుసలో ఉన్నవి గడుల పేర్లా అని. పక్కన చిన్న డబ్బా ఉంటుంది. ఆ డబ్బాలో టిక్ ఎప్పుడూ ఉంచాలని, దాని జోలికి పోవద్దని ఆయన గట్టిగా చెప్పాడు. అంతకుముందు ఆయన పనిచేసిన చోట ఫైళ్లన్నీ పైన శీర్షికలతోనే వచ్చేవట. ఆ అలవాటు చేతికి అంటుకుపోయింది.

ఒకరోజు సంతోషి నలభై లారీల నంబర్లు కొట్టి ఎక్కిస్తే పట్టికలో ముప్పై తొమ్మిదే కనిపించాయి. పోయింది మొదటిది. టిక్ ఉన్నందుకు కంప్యూటర్ ఆ మొదటి లారీని లారీ కింద లెక్కపెట్టకుండా శీర్షిక అనుకుని పట్టిక నెత్తిన కూర్చోబెట్టింది. ఆ మధ్యాహ్నం ఆమె అన్నం తినలేదు. 2008 నాటి ఏడు ఫైళ్లు తెరిచింది. తమ ఊరి ఫైలులో మొదటి వరుసలో తండ్రి పేరు స్పష్టంగా ఉంది. పట్టికలో లేదు. ఆరు ఊళ్లలోనూ ఒక్కొక్క మనిషి తక్కువ. అనుపమ కొట్టిన ఊళ్లో మాత్రం లెక్క సరిపోయింది. అక్కడ కంప్యూటర్ శ్రీని మింగి మనుషుల్ని వదిలేసింది. శ్రీ లేని చోట మొదట నమ్మి లేచినవాణ్ణి మింగింది.

అంతవరకైతే అది పొరపాటే. మిగతా ఐదు ఊళ్ల పట్టికల్లో ఆ మొదటి మనుషుల పేర్లు శీర్షికలుగా అట్లాగే ఉన్నాయి. ఒకదాని నెత్తిన ఐలయ్య అని ఉంది, కింద ఊరి జనమంతా. సంతోషి వాళ్ల ఊరి పట్టికలో మాత్రం చెన్నయ్య అని ఉండాల్సిన చోట 'పేరు' అని మార్చి ఉంది. మార్చిన తేదీ చూసింది. షామియానా వేసిన రోజు సాయంత్రం. అంటే రాజశేఖర్‌కు ఆ రోజే తెలిసింది. ఇంటికి వెళ్లేలోపు తన తప్పు తాను చూసుకున్నాడు. ఒక వరుస చేర్చడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం ఆయన చెన్నయ్య పేరు చెరిపేయడానికి వాడుకున్నాడు.

ఆ సాయంత్రం సంతోషి నా బల్ల దగ్గరికి వచ్చి, ఐలయ్య నీకేమైతడన్నా అని అడిగింది. నేను అక్కడ సరుకు రాకపోకల రిజిస్టరు రాసేవాణ్ణి. పెదనాన్న అన్నాను. అంతా చెప్పింది. నా ఒళ్లు మండిపోయింది, ఇప్పుడే పెద్ద మేనేజరు దగ్గరికి పోదాం పద అన్నాను.

"వద్దన్నా. చెప్తే చిన్న తప్పు, సరిచేస్తమంటరు. లోపల కూసొని సరిచేస్తరు. మా బాపును నవ్వినోళ్ల ముంగట ఎవరు చెప్తరు? ఆయన నోటితోనే, ఆ గేటు కాడనే చెప్పాలె," అంది.

ఏడాది ఆగింది. ఏడాదంతా ఆయనకు నమస్తే సార్ అంటూనే ఉంది.

2013 మే నెలలో గేటుకు కొత్త ఏర్పాటు చేశారు. కార్డు చూపితే పచ్చ దీపం వెలిగి అడ్డుకర్ర లేస్తుంది. పట్టికలో పేరు లేకపోతే ఎర్ర దీపమే. ఎంతటివారైనా ఎర్ర దీపం వెలిగితే లోపలికి వదలరాదని రాజశేఖరే సర్క్యులర్ మీద సంతకం చేసి గేటు గోడకు అంటించాడు. ఆఫీసువాళ్ల పేర్ల ఫైలు కూడా తనే స్వయంగా కొట్టాడు. ఏ జాబితాలోనైనా తన పేరు మొదట ఉండాలి, అది ఆయన పిచ్చి. పైన శీర్షికలు మాత్రం కొట్టలేదు. అవన్నీ ఆపరేటర్ల పని అనుకున్నాడేమో.

నేను అక్కడే ఉన్నాను, నా చెవులతో విన్నాను. సంతోషి ఆయనకు ఒక అవకాశం ఇచ్చింది. ఈ ఫైలు పైన గడుల పేర్లు లేవు, టిక్ తియ్యమంటరా సార్ అని అడిగింది. ఆయన తల కూడా తిప్పలేదు.

"టిక్ జోలికి వెళ్లొద్దని ఎన్నిసార్లు చెప్పాలండీ? చెప్పింది చెప్పినట్టు చేయండి."

చెప్పింది చెప్పినట్టే చేసింది.

మరునాడు పొద్దున తొమ్మిదింటికి రాజశేఖర్ కార్డు చూపాడు. ఎర్ర దీపం వెలిగింది. మళ్లీ చూపాడు, మళ్లీ ఎర్రగానే వెలిగింది. కుర్మయ్య చేతులు కట్టుకుని గోడ మీది సర్క్యులర్ వైపు చూశాడు. ఆ రోజు పదకొండింటికి కొత్త గేటు చూడడానికి ఢిల్లీ నుంచి పెద్దలు వస్తున్నారు. వాళ్లను తీసుకురావడానికి మా పెద్ద మేనేజరు ఎయిర్‌పోర్టుకు వెళ్లి ఫోను ఎత్తడం లేదు. రాజశేఖర్ సంతోషికి ఫోను చేశాడు. చూస్తున్న సార్ అంది. పది నిమిషాలకు ఒకసారి చేశాడు. చూస్తున్న సార్ అంటూనే ఉంది. మే నెల ఎండలో ఆ చొక్కా వీపుకు అతుక్కుపోవడం కిటికీలోంచి చూసి నేను సంతోషించాను. సిగ్గేమీ లేదు.

పదకొండు కావస్తుండగా సంతోషి కాగితాలు పట్టుకుని గేటు దగ్గరికి నడిచింది. నేనూ వెనకే వెళ్లాను. ఎర్ర దీపం సంగతి అప్పటికే పాకింది. రెండు గోదాముల వాళ్లు, అవతలి క్యాబ్ డ్రైవర్లు, ఊరివాళ్లు గుమిగూడారు.

"జాబితాలో మీ పేరు లేదు సార్," అంది.

"నాదే మొదటి పేరు కదండీ," అన్నాడు రాజశేఖర్. అన్నాక ఆ మాట ఎక్కడో విన్నట్టు ఆగిపోయాడు.

"ఫైల్ల ఉంది సార్, పట్టికల లేదు. పైన శ్రీ ఉంటే శ్రీ పోతుండె, మీరు మిగులుతుంటిరి. శ్రీ తియ్యమన్నది మీరే గద. కంప్యూటర్‌కు మీ మీద పగేం లేదు సార్. నాకుంది."

రోడ్డు అవతలికి చూసి, బాపూ జర ఇటు రా అని పిలిచింది. చెన్నయ్య తడి గుడ్డ భుజాన వేసుకుని వచ్చాడు. ఆమె కాగితాలు చూపించింది. ఆరు పేర్లు, వాటి ఫైళ్లు, 'పేరు' అని మార్చిన తేదీ. కింద సంతకానికి జాగా. సంతకం పడితేనే మీ పేరు ఎక్కిస్త సార్ అంది. రాజశేఖర్ ఢిల్లీవాళ్లు రావాల్సిన రోడ్డు వైపు ఒకసారి, జనం వైపు ఒకసారి చూశాడు. కుర్మయ్య కూర్చునే కుర్చీ మీద కాగితం పెట్టుకుని రాజశేఖర్ సంతకం చేశాడు. అది చాలదని ఆమె కదలకుండా నిలబడింది. అప్పుడాయన చెన్నయ్య వైపు తిరిగి, జాబితాలో మొదటి పేరు మీదేనండీ, తీసేసింది నేనే, ఆ సంగతి ఆ రోజే నాకు తెలుసు అని చెప్పాడు. గొంతు చిన్నదైంది. వినబడలేదు సార్ అంది సంతోషి. మళ్లీ గట్టిగా చెప్పాడు. కుర్మయ్య తల దించుకున్నాడు.

చెన్నయ్య ఆయన చెమటకు తడిసిన చొక్కా చూశాడు.

"ఎంతసేపాయె సారూ, గిక్కడ నిలబడి?"

"రెండు గంటలు."

"గంతేనా," అన్నాడు చెన్నయ్య. కూతురి వైపు తిరిగాడు. "ఇంకో గంట ఉండనియ్యి బిడ్డా."

గుడ్డ దులుపుకుని, సగం కడిగిన కారు దగ్గరికి వెళ్లిపోయాడు. సంతోషి లోపలికి వచ్చి కూర్చుంది. ముందు ఆరు పేర్లు ఎక్కించాలి, ఏడోది రాజశేఖర్‌ది. ఢిల్లీవాళ్ల కార్లు ఆయన పక్కనుంచే, పచ్చ దీపం వెలిగించుకుని లోపలికి వచ్చాయి. ఆమె తల ఎత్తకుండా ఒక్కో అక్షరం కొడుతోంది. మా పెదనాన్న పేరు ఒక్కదానికే పది నిమిషాలు తీసుకుంది. స్పెల్లింగ్ సరిగా ఉందా అన్నా అని నన్ను మూడుసార్లు అడిగింది. ఇంకోసారి చూడమ్మా అని మూడుసార్లూ చెప్పాను.